నీట్ పుస్తకాలు: ఏవి కొనాలి, ఏవి షాపులోనే వదిలేయాలి?

పాఠకుల ప్రశ్నలు, అధ్యాపకుల జవాబులు

ఇంటర్ కాలేజీలు తెరిచిన నెలలో మాకు వచ్చే ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి మీద ఉంటాయి: మెడిసిన్ ప్రవేశ పరీక్ష నీట్‌కు ఏ మెటీరియల్ కొనాలి? ఈసారి ఆరు ఉత్తరాలు ఎంచుకున్నాం. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బోటనీ, జువాలజీ చెప్పే అధ్యాపకులు కూర్చుని జవాబులు రాశారు.

ప్రశ్న: మా బిడ్డ ఈ ఏడు బైపీసీ ఇంగ్లిష్ మీడియంల చేరింది. కాకతీయ మెడికల్ కాలేజీల సీటు కొట్టాలని దాని పట్టుదల. హనుమకొండల పుస్తకాల షాపుకు పోతే పద్నాలుగు పుస్తకాల లిస్టు రాసిచ్చిండు. పత్తి పెట్టుబడికే పైసలు సరిపోతలేవు. అన్నీ కొనాల్నా? – ఒక తండ్రి, నర్సంపేట

పద్నాలుగు వద్దు. ఇప్పటికి ఐదు చాలు. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ వేసే పదకొండో తరగతి (మన ఇంటర్ ఫస్టియర్) ఫిజిక్స్ రెండు భాగాలు, కెమిస్ట్రీ రెండు భాగాలు, బయాలజీ ఒకటి. పన్నెండో తరగతివి ఇంకో ఐదు ఉంటాయి. వాటిని సెకండియర్‌లో కొనుక్కోవచ్చు. ఇప్పటి ఐదూ కొనడం కష్టమైతే ముందు బయాలజీ ఒక్కటి కొనండి. నీట్‌లో మొత్తం 180 ప్రశ్నలు, 720 మార్కులు. అందులో 90 ప్రశ్నలు, అంటే 360 మార్కులు బయాలజీవే. మిగతా పుస్తకాలు ఎన్‌సీఈఆర్‌టీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి, సెకండ్ హ్యాండ్‌లోనూ దొరుకుతాయి. ఫోన్‌లో ఫిజిక్స్ లెక్క చూసి చేయడం వీలవుతుంది కానీ, బయాలజీ పేజీని పదిసార్లు తిరగేసి చదవడం వీలు కాదు. అందుకే అది మాత్రం కాగితం మీద ఉండాలి.

అసలు పుస్తకమే ఎందుకు, గైడ్ ఎందుకు పనికిరాదు అంటారా? కణచక్రం పాఠం తీయండి. మనిషి కణం సుమారు 24 గంటలకు ఒకసారి విభజన చెందుతుందని, అందులో అసలు విభజనకు పట్టేది సుమారు ఒక గంటేనని, చక్రంలో 95 శాతానికి పైగా సమయం ఇంటర్‌ఫేజ్‌దేనని, ఈస్ట్‌కైతే చక్రమంతా 90 నిమిషాల్లో అయిపోతుందని అక్కడ ఉంటుంది. చాలా గైడ్లు దీన్ని 'ఇంటర్‌ఫేజ్ పొడవైన దశ' అని ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. ప్రశ్న వచ్చేది ఆ 95 మీద, ఆ 90 మీద. బొమ్మ కింద రాసిన వాక్యం, పాఠం చివరి సారాంశం కూడా ప్రశ్నలుగా మారుతుంటాయి.

చదివే పద్ధతి కూడా చెప్పాలి, ఎందుకంటే పుస్తకం పాడయ్యేది ఇక్కడే. మొదటిసారి చదివేటప్పుడు చేతిలో పెన్సిల్ ఉండొద్దు. కొత్త పాఠంలో ప్రతి వాక్యమూ ముఖ్యంగానే కనిపిస్తుంది కాబట్టి పేజీ అంతా గీతలే అవుతాయి, తర్వాత ఆ గీతలు దేనికీ పనికిరావు. రెండోసారి చదివేటప్పుడు, ప్రశ్నలు కొన్ని చేసి తప్పులు పోయాక, తప్పు పోయిన వాక్యం కిందే గీత గీయమనండి. మూడోసారి బొమ్మల పేర్లను చిన్న కాగితంతో మూసి చెప్పించండి.

ప్రశ్నల పుస్తకం సబ్జెక్టుకు ఒకటి చాలు. అది దసరా తర్వాత కొనండి. షాపులో నిలబడి అమ్మాయితో ఒక పని చేయించండి: తనకు బాగా వచ్చిన పాఠంలో ఐదు ప్రశ్నలు చేసి, వెనక ఉన్న కీతో సరిచూడమనండి. కీలో ఒక్కటి తప్పు దొరికినా ఆ పుస్తకం కింద పెట్టేయండి. జవాబు ఏ, బీ అని అక్షరం మాత్రమే ఇచ్చి వివరణ ఇవ్వని పుస్తకమూ వద్దు.

ఇంకోటి. 2021 నుంచి 2024 వరకు ప్రశ్నపత్రంలో ఛాయిస్ ఉండేది: సబ్జెక్టుకు సెక్షన్-ఎలో 35, సెక్షన్-బిలో 15 ఇచ్చి పది రాయమనేవారు. 2025 నుంచి ఛాయిస్ తీసేశారు. ఆ పాత పద్ధతి మాక్ టెస్టుల పుస్తకాలు షాపుల్లో ఇంకా తగ్గింపు ధరకు కనిపిస్తాయి. సెక్షన్-బి అని కనిపిస్తే అది పాతదే. ప్రశ్నలు పనికొస్తాయి గానీ, టైమ్ పెట్టుకుని రాయడానికి పనికిరాదు. 2022 నుంచి 2024 వరకు 200 నిమిషాలు, ఇప్పుడు 180.

ప్రశ్న: నేను సర్కారు జూనియర్ కాలేజీల తెలుగు మీడియం బైపీసీ. నీట్ తెలుగుల రాయొచ్చని మా సార్ చెప్పిండు. కానీ తెలుగుల మెటీరియల్ దొరుకుతలేదు. ఇంగ్లిష్‌కు మారాల్నా? – ఒక విద్యార్థి, భూపాలపల్లి

తెలుగులో రాయవచ్చు. 2017 నుంచి తెలుగులో ప్రశ్నపత్రం ఇస్తున్నారు, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కేంద్రాల్లో అది అందుబాటులో ఉంటుంది. తెలుగు ఎంచుకున్నవారికి ఇచ్చే బుక్‌లెట్‌లో ప్రతి ప్రశ్నా ఇంగ్లిష్‌లోనూ ఉంటుంది. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిష్‌లో ఉన్నదే ప్రామాణికం. కాబట్టి తెలుగు పెట్టుకున్నా ఇంగ్లిష్ వాక్యాన్ని పోల్చి చూసుకునేంత చదువు కావాలి. నీకు కావలసింది మీడియం మారడం కాదు, రెండు భాషల మధ్య ఒక వంతెన.

ఎన్‌సీఈఆర్‌టీ ఇంటర్ స్థాయి పుస్తకాలు తెలుగులో లేవు. తెలుగు అకాడమీ తెలుగు మీడియం పాఠ్యపుస్తకాన్నే పునాదిగా పెట్టుకో. ఒక పాఠం అకాడమీ పుస్తకంలో పూర్తిగా అర్థం చేసుకున్నాక, అదే పాఠానికి ఎన్‌సీఈఆర్‌టీలో చివర ఉండే సారాంశం ఒక్కటి ఇంగ్లిష్‌లో గట్టిగా చదువు. తర్వాత బొమ్మలు, వాటి పేర్లు చూడు. మొదటి రెండు మూడు నెలలు అంతే. డిసెంబర్ నుంచి మొత్తం పాఠం చదవడం మొదలుపెట్టు. తొలిరోజే పేజీ మొత్తం చదవబోతే పది వాక్యాలకు అలసట వచ్చి పుస్తకం మూతపడుతుంది.

పక్కన రెండు గడుల నోట్‌బుక్ పెట్టుకో: ఎడమ వైపు అకాడమీ తెలుగు మాట, కుడి వైపు ఇంగ్లిష్ మాట. దారువు, జైలమ్. పోషక కణజాలం, ఫ్లోయమ్. జడత్వ భ్రామకం, మొమెంట్ ఆఫ్ ఇనర్షియా. రోజుకు ఇరవై మాటలు. ఇందులో జాగ్రత్తపడాల్సినవి కష్టమైన మాటలు కావు, మనం రోజూ వాడే మాటలే. ఇంట్లో 'వేగంగా పోతోంది' అంటాం; పుస్తకంలో వేగం అంటే వెలాసిటీ, దిశ ఉంటుంది. స్పీడ్‌కు పుస్తకంలో మాట వడి. సామర్థ్యం అంటే పవర్, ఎఫిషియెన్సీకి దక్షత. ద్రవ్యరాశి, ద్రవ్యవేగం కంగారులో ఒకటిగా కనిపిస్తాయి. మొదటిది మాస్, రెండోది మొమెంటమ్. కెమిస్ట్రీలో క్షయకరణం అంటే రిడక్షన్, బోటనీలో క్షయకరణ విభజన అంటే మియోసిస్. ఇలాంటి జంటలను ఎర్ర సిరాతో రాసుకో. తెలుగు మీడియం పిల్లలకు మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడే, విషయం తెలియక కాదు.

ప్రశ్న: మా అక్క 2020లో నీట్ రాసింది. ఆమె ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలన్నీ ఉన్నాయి. సిలబస్ మారిందని, అవి తూకానికి వేసి కొత్తవి కొనమని ఫ్రెండ్స్ అంటున్నారు. – ఒక విద్యార్థిని, జనగామ

తూకానికి వేయొద్దు. మీ దగ్గర ఉన్నది ఒక విధంగా కొత్తదానికంటే విలువైనది.

ఎన్‌సీఈఆర్‌టీ 2022-23 విద్యా సంవత్సరానికి పాఠాలు తగ్గించింది. నీట్ సిలబస్‌ను జాతీయ వైద్య కమిషన్ 2024 పరీక్ష కోసం మార్చింది. రెండూ చాలావరకు కలుస్తాయి, కానీ పూర్తిగా కాదు. ఆ తేడాలోనే పిల్లలు దెబ్బతింటున్నారు.

ముందు కమిషన్ సిలబస్‌ను ప్రింట్ తీసుకోండి. తర్వాత పాత పుస్తకం విషయసూచిక తెరిచి పెన్సిల్‌తో కొట్టేయండి. బయాలజీ ఫస్టియర్‌లో పాతది 22 పాఠాలు, కొత్తది 19: మొక్కల్లో రవాణా, ఖనిజ పోషణ, జీర్ణక్రియ పోయాయి. సెకండియర్‌లో 16 కాస్తా 13 అయ్యాయి: జీవుల్లో ప్రత్యుత్పత్తి, ఆహారోత్పత్తి మెరుగుదల, పర్యావరణ సమస్యలు లేవు. కెమిస్ట్రీ 14 నుంచి 9కి, 16 నుంచి 10కి తగ్గింది. ఫిజిక్స్‌లో తగ్గింది తక్కువ, ఏడాదికి ఒక్కో పాఠం. సెకండియర్‌లో పోయింది కమ్యూనికేషన్ సిస్టమ్స్. మిగిలిన పాఠాల లోపల కూడా అక్కడక్కడా పేరాలు తీసేశారు కాబట్టి, కొత్త పీడీఎఫ్‌ను ఫోన్‌లో పక్కన పెట్టుకుని పాఠానికి పది నిమిషాలు సరిచూసుకుంటే చాలు.

ఇప్పుడు అసలు సంగతి. కొత్త ఎన్‌సీఈఆర్‌టీ కెమిస్ట్రీలో పి-బ్లాక్ పాఠం ఫస్టియర్‌లోనూ లేదు, సెకండియర్‌లోనూ లేదు. నీట్ సిలబస్‌లో మాత్రం 13వ గ్రూపు నుంచి 18వ గ్రూపు వరకు ఉంది. కొత్త పుస్తకం ఒక్కటే నమ్ముకున్నవారికి ఆ పాఠం ఉందన్న సంగతే తెలియదు. మీ అక్క పుస్తకంలో అది ఉంది. ఇంట్లో తెలుగు అకాడమీ కెమిస్ట్రీ ఉంటే అందులోనూ చదువుకోవచ్చు. దానికి భిన్నంగా ఎస్-బ్లాక్, హైడ్రోజన్, ఘనస్థితి, పాలిమర్లు పాత పుస్తకంలో ఉంటాయి, నీట్‌లో లేవు.

రెండో లోటు ప్రయోగాలు. వెర్నియర్ కాలిపర్స్, స్క్రూగేజి, మీటర్ బ్రిడ్జ్ లాంటివి ఫిజిక్స్ సిలబస్‌లో ప్రత్యేక యూనిట్‌గా చేరాయి. కెమిస్ట్రీలో లవణ విశ్లేషణ, పొటాషియం పర్మాంగనేట్ అంశమాపనాలు, మోర్ లవణం తయారీ వచ్చాయి. దీనికి కొత్త పుస్తకం కొనాల్సిన పని లేదు. ఇంటర్ ప్రాక్టికల్ రికార్డే మీ మెటీరియల్. చాలామంది దాన్ని ఎవరి రికార్డో చూసి రాసేసి, సంతకం పెట్టించుకుని మరిచిపోతారు. ల్యాబ్‌లో స్క్రూగేజిని చేత్తో తిప్పి, పిచ్ 1 మిల్లీమీటర్, తల మీద 100 విభాగాలు ఉంటే కనీసపు కొలత 0.01 మిల్లీమీటర్ అని ఒకసారి లెక్కకట్టండి. శూన్యాంశ దోషాన్ని కలపాలా తీసేయాలా అన్న తికమక అక్కడే తీరిపోతుంది.

మూడోది బోటనీలో కుటుంబాలు. కొత్త ఎన్‌సీఈఆర్‌టీలో సొలనేసి ఒక్కటే మిగిలింది. నీట్ సిలబస్ అడుగుతున్నవి మాల్వేసి, క్రూసిఫెరె, లెగ్యుమినోసె, కాంపోజిటె, గ్రామినె. వీటికోసం లావు పుస్తకం కొనకండి. ఈ ఐదూ మన ఊళ్లోనే ఉన్నాయి: పత్తి, ఆవ, కంది, పొద్దుతిరుగుడు, వరి. పత్తి లేనిచోట మందారం తెచ్చుకోండి, అదీ మాల్వేసియే. పువ్వును బ్లేడుతో నిలువుగా రెండుగా కోయండి. రక్షక పత్రాల కింద సన్నటి పచ్చ ఆకుల వలయం ఇంకొకటి కనిపిస్తుంది, అది ఎపికేలిక్స్. నడుమ కేసర దండాలన్నీ కలిసి ఒకే గొట్టంలా ఉంటాయి, దాని లోపలి నుంచి కీలం పైకి వస్తుంది. ఏకబంధక కేసరాలంటే అదే. ఒకసారి కోసి చూసినవారు మళ్లీ మరిచిపోరు. ఆవపువ్వులో నాలుగు ఆకర్షక పత్రాలు శిలువలా ఉంటాయి, ఆరు కేసరాల్లో నాలుగు పొడవు, రెండు పొట్టి. కంది పువ్వులో పది కేసరాలు తొమ్మిది ఒక కట్టగా, ఒకటి విడిగా. పొద్దుతిరుగుడులో మనం ఒక పువ్వు అనుకునేది వందల చిన్న పువ్వుల గుంపు, పరాగకోశాలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. వరి గింజ నిజానికి ఫలమే, పేరు కవచబీజకం. ఒక తెల్లకాగితం మీద ఐదు వరసల పట్టిక గీసి ఇవన్నీ రాస్తే ఆ భాగానికి మెటీరియల్ తయారైనట్టే.

ప్రశ్న: మా కాలేజీల ఎంసెట్ బిట్స్ పుస్తకమే చేయిస్తున్నరు. నీట్ ఫిజిక్స్‌కు అది సరిపోతదా? – ఒక విద్యార్థి, మంచిర్యాల

సూత్రాలు చేతికి ఎక్కడానికి సరిపోతుంది, పరీక్షకు సరిపోదు. ఎంసెట్, అంటే ఇప్పటి ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు, అందులో ఫిజిక్స్ 40, నెగెటివ్ మార్కులు లేవు. తెలియకపోయినా ఏదో ఒకటి నింపేయడం అక్కడ లాభం. నీట్‌లో ఒప్పుకు 4, తప్పుకు మైనస్ 1. ఒక్క ఆప్షన్ కూడా తీసేయలేని ప్రశ్నలు నింపుతూ పోతే ప్రశ్నకు సగటున వచ్చేది పావు మార్కు. రెండు ఆప్షన్లు కచ్చితంగా తప్పని తెలిస్తే సగటు ఒకటిన్నర. కాబట్టి మెటీరియల్ ఆ 'తీసేయడం' నేర్పాలి, ప్రతి ఆప్షన్ ఎందుకు తప్పో చెప్పాలి. బిట్స్ పుస్తకాల్లో అది ఉండదు.

తేడా ఎలా ఉంటుందో ఒక లెక్కలో చూడు. 37 డిగ్రీల గరుకు వాలుతలం, ఘర్షణ గుణకం 0.5, జీ విలువ 10. సైన్ 0.6, కాస్ 0.8. దిగుతున్న వస్తువు త్వరణం ఎంత? 10 × (0.6 − 0.4), అంటే 2. బిట్స్ పుస్తకం ఇక్కడ ఆగిపోతుంది. అదే వస్తువును సెకనుకు 10 మీటర్ల వేగంతో పైకి తోస్తే, ఎక్కడానికి, తిరిగి దిగడానికి పట్టే కాలాల నిష్పత్తి ఎంత? ఎక్కేటప్పుడు ఘర్షణ కిందికే పనిచేస్తుంది కాబట్టి రుణత్వరణం 10 × (0.6 + 0.4), అంటే 10. ఒక సెకనులో 5 మీటర్లు ఎక్కి ఆగుతుంది. దిగడానికి త్వరణం 2 మాత్రమే, కాలం √5 సెకన్లు. నిష్పత్తి 1 : √5. సూత్రం ఒకటే, కానీ ఘర్షణ దిశ మారుతుందన్న ఆలోచన కావాలి. 2025లో ఫిజిక్స్ చాలామందిని ఇబ్బంది పెట్టింది ఇలాంటి రెండు మూడు మెట్ల ప్రశ్నలతోనే.

అందుకని ముందు ఎన్‌సీఈఆర్‌టీలో సాధించి చూపిన ఉదాహరణలు చేయి. జవాబు మీద కాగితం పెట్టు, ఎనిమిది నిమిషాలు నీ అంతట నువ్వు ప్రయత్నించు. రాకపోతే మొదటి వరస మాత్రమే చూసి మళ్లీ మూసేయి. ఆ తర్వాత సులువు, మధ్యస్థం, కష్టం అని విడదీసిన ఒక ప్రశ్నల పుస్తకం తీసుకుని రోజుకు పాతిక లెక్కలు. బైపీసీలో గణితం లేదు కాబట్టి అవకలనం, సమాకలనం, సదిశలు, లాగరిథమ్‌ల మీద ముప్పై నలభై పేజీల పలుచని పుస్తకం ఒకటి మొదట్లోనే ముగించు. కాలిక్యులేటర్, లాగ్ పట్టికలు పరీక్షలో ఉండవు. లాగ్ 2 విలువ 0.301, లాగ్ 3 విలువ 0.477 నోటికి రావాలి.

బిట్స్ పుస్తకం పారేయకు. అగ్రికల్చర్, ఫార్మసీ కోర్సులకు ఈఏపీసెట్ రాస్తావు కదా, అప్పుడు అక్కరకొస్తుంది.

ప్రశ్న: నీట్ మళ్లీ రాయడానికి లాంగ్‌టర్మ్ కోచింగ్ తీసుకున్నాను. నా దగ్గర మూడు కోచింగ్ సంస్థల మాడ్యూళ్లు ఉన్నాయి. మూడూ సగం సగమే అయ్యాయి. ఏది పూర్తి చేయాలి? – ఒక విద్యార్థిని, జగిత్యాల

ముందు ఏ మాడ్యూలూ తెరవకండి. మీరు రాసిన నీట్ పేపర్ తెచ్చుకుని తప్పులను మూడు రకాలుగా విడదీయండి: విషయం తెలియక పోయినవి, తెలిసీ లెక్కలో పోయినవి, 'సరికానిది ఏది' అన్న ప్రశ్నను 'సరైనది ఏది' అని చదివి పోగొట్టుకున్నవి. మొదటి రకం తప్పులు ఏయే పాఠాల్లో గుంపుగా పడ్డాయో చూడండి. మామూలుగా ఆరేడు పాఠాలు తేలతాయి. ఆ పాఠాలకు మూడు మాడ్యూళ్లనూ పక్కపక్కన పెట్టి, ఏ దాంట్లో పూర్తి సాధనలు ఉన్నాయో చూసి, దాన్నే మొత్తం ఏడాదికి ఉంచుకోండి. మిగతా రెండూ ఎవరైనా జూనియర్‌కు ఇచ్చేయండి. ఇంట్లో కళ్లెదురుగా ఉంటే మనసు వాటి మీదికి పోతూనే ఉంటుంది. ఒక మాడ్యూల్‌ను మూడుసార్లు చేయడం, మూడు మాడ్యూళ్లను ఒక్కోసారి చేయడం ఒకటి కాదు. రెండో విడతలో మొదటిసారి తప్పుపోయిన ప్రశ్నలే చేస్తారు కాబట్టి సగం టైమ్‌లో అయిపోతుంది, ఆ తప్పు రెండోసారి జరగదు.

రెండో, మూడో రకం తప్పులకు ఏ పుస్తకమూ మందు కాదు. వాటికి పరీక్షలు రాయడమే దారి.

ప్రశ్న: మా బాబు ఫోన్‌లో యాప్ టెస్టులే రాస్తున్నాడు. కాగితం మీద రాయించాలా? – ఒక తల్లి, హనుమకొండ

పాఠాలవారీ చిన్న టెస్టులు ఫోన్‌లో ఫర్వాలేదు. మొత్తం సిలబస్ మాక్ టెస్టు మాత్రం కాగితం మీద, ఓఎంఆర్ షీట్ మీద, నల్ల బాల్‌పెన్‌తో రాయించండి. ఫోన్‌లో తాకిన జవాబు మళ్లీ మార్చుకోవచ్చు. ఓఎంఆర్‌లో నింపిన వృత్తాన్ని చెరపలేం. ఒక ప్రశ్న వదిలేసి, దాని వరసలో తర్వాతి ప్రశ్న జవాబు నింపితే కింద వరసలన్నీ తప్పుపోతాయి. అందుకే అన్నీ అయ్యాక చివర్లో నింపే అలవాటు వద్దు. బుక్‌లెట్‌లో ఒక పేజీ పూర్తవగానే ఆ పేజీ వరకు నింపేయాలి.

పరీక్ష జరిగేది మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు, అదీ మే ఎండల్లో. 2025లో మే 4న జరిగింది. ఆదివారం అన్నం తిన్నాక సరిగ్గా రెండింటికి కూర్చోబెట్టండి. బయాలజీకి 45 నిమిషాలు, కెమిస్ట్రీకి 50, ఫిజిక్స్‌కు 65. మిగిలే ఇరవై నిమిషాలు వదిలేసిన ప్రశ్నలకు. మొదటి రెండు మూడు వారాలు బయాలజీ గంట దాటుతుంది, కంగారుపడకండి. ఓఎంఆర్ నమూనా ఒకటి సంపాదించి ఇరవై జిరాక్సులు తీయించి పెట్టండి, ఇంటర్ పరీక్షల ముందు వరకు సరిపోతాయి.